పడక ప్రక్కన నిలిచినవారు

1994వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, తాపీ నది వరద తీసి పల్లపు పేటలలో బురదయు పశుకళేబరములును మిగిలిన దినములలో, సూరత్ నగరపు వేడ్ రోడ్డు ప్రాంతమునుండి తీవ్రజ్వరముతోను, దగ్గుతోను, నెత్తురు కలసిన కళ్ళెతోను రోగులు న్యూ సివిల్ ఆసుపత్రికి రాదొడగిరి. వచ్చినవారిలో కొందరు ఒకటి రెండు దినములలోనే మరణించిరి. ఊపిరితిత్తుల ప్లేగు అను మాట ఆసుపత్రి గడప దాటి వీథికి వచ్చుటయే తడవుగా, మగ్గములమీదను వజ్రపు సానలమీదను బ్రదుకు పరప్రాంతపు కూలిజనము, మన తెలంగాణపు పద్మశాలి కుటుంబములు కాపురముండు లింబాయత్ మొదలు నగరపు నలుమూలలనుండియు, దొరికిన రైలును దొరికిన బస్సును పట్టుకొని లక్షల సంఖ్యలో ఊరు విడిచిపోయిరి. మందుల దుకాణములలో టెట్రాసైక్లిన్ మాత్ర కనబడకుండ పోయెను.

పోయినవారిలో వైద్యులును ఉండిరి. తాళము పడిన ప్రైవేటు క్లినిక్కుల తలుపులు నాటి పత్రికలకు విందైనవి. సివిల్ ఆసుపత్రిలో మాత్రము ప్రభుత్వ వైద్యకళాశాల ఆచార్యులు, ఇంకను చదువు ముగియని రెసిడెంటు డాక్టర్లు, సిస్టర్లు, వార్డు బాయిలు, ఆయాలు రోగుల పడకల ప్రక్కనే నిలిచిరి. పారిపోయినవారిని దూషించుటయు నిలిచినవారిని కీర్తించుటయు అప్పుడు సులభముగ జరిగిపోయినవి. ఈ రెంటిలో దేనికిని దమ్మిడీ ఖర్చు లేదు. ఆ దూషణమున పాలుగొన నాకు బుద్ధి పుట్టదు. మందు పడనిచో ఈ రోగము ఇంచుమించు తప్పక చంపుననియు, దగ్గు తుంపరలతో ఎదుటివానికి సోకుననియు పాఠ్యగ్రంథమున చదివియున్నవాడు భయపడెననిన, వాడు చదివినది వానికి గుర్తున్నదని యర్థము. ఎవరికెంత ధైర్యమున్నదని అంత శ్రద్ధతో విచారించిన మనము, నిలిచినవాని ముక్కునకు ఏ గుడ్డ కట్టితిమి, ముందుజాగ్రత్తగ వానికి ఏ మాత్ర ఇచ్చితిమి, పదిదినముల పిమ్మట వాని రక్తమును ఎవరు పరీక్షించిరి అని విచారించుట అరుదు. శుశ్రూష చేయువాని దేహమునకు ఏమి జరిగినదో వ్రాసియుంచుట వానికి చేయు సత్కారము మాత్రమేయని మనవారి తలంపు. ఆ లెక్క లేనిచో రోగమును గూర్చిన విజ్ఞానమే సగము తఱిగిపోవునని నా మనవి.

మంచూరియాలోని హార్బిన్ పట్టణమున 1910వ సంవత్సరపు చలికాలమందు ఇదే ఊపిరితిత్తుల ప్లేగు పొడసూపినప్పుడు, చైనా ప్రభుత్వము పంపిన యువవైద్యుడు వూ లియెన్ తే, ఇది మనుష్యుని ఊపిరివలననే మనుష్యునికి సోకుచున్నదని గ్రహించి, దూది పొదిగిన గాజుగుడ్డతో ముక్కును నోటిని కప్పుకొననిదే రోగి దాపునకు పోరాదని శాసించెను. వయసునను అనుభవమునను తనకంటె పెద్దయగు ఫ్రెంచి వైద్యుడు మెనీ ఆ మాటను త్రోసివేసి, ముసుగు లేకయే రోగులను పరీక్షించి, కొద్ది దినములలోనే, 1911 జనవరిలో, ఆ రోగముతోనే కన్నుమూసెను. అటుపిమ్మట హార్బినులో ముసుగు లేక తిరుగువాడు అరుదయ్యెను. సూక్ష్మదర్శినిలో క్రిమిని చూపినను లొంగని వాదము ఒక వైద్యుని మరణముతో తేలినది. అంతకుముందు వియన్నాలో, 1847లో, శవపరీక్ష చేయుచుండగా కత్తిగాటు తగిలి మరణించిన కొలెచ్కా దేహమున బాలింతజ్వరపు లక్షణములనే చూచి గదా, ఆతని మిత్రుడు సెమ్మెల్వైస్ వైద్యులారా చేతులు కడుగుకొనుడని ఘోషించెను! వైద్యుని దేహము ఇట్లు పలుమారులు వైద్యశాస్త్రమునకు పాఠము చెప్పినది; కాని ప్రతిమారును యాదృచ్ఛికముగ, చచ్చి చెప్పినది.

సూరత్ విషయమున వాదము చాలకాలము సాగెను. అది అసలు ప్లేగేనా యని దేశములోని పెద్దలే సందేహించిరి. కేంద్ర ప్రభుత్వము నియమించిన సలహాసంఘమునకు అధ్యక్షుడు, శ్రీకాకుళమున పుట్టి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్యకళాశాలలో చదివి, కాంగ్రా లోయలో గళగండమునకు అయొడిను కలిపిన ఉప్పు మందని నిరూపించిన మన వులిమిరి రామలింగస్వామి. ఆ సంఘము ప్లేగేనని తేల్చినను అందఱు సమాధానపడలేదు. 2000వ సంవత్సరమున హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు జన్యుపరీక్ష చేసి, ఆ క్రిమి యెర్సినియా పెస్టిసే యని మరల నిరూపింపవలసివచ్చెను. క్రిమి పేరు తేలినది సరే. అది ఎంత సులభముగ సోకినది? దీనికి, దినమునకు పదిపండ్రెండు గంటలు ఆ వార్డుల గాలిని పీల్చినవారికంటె మంచి సాక్షులెవరు? వారిలో ఎవరికి జ్వరము వచ్చినది, రానివారు మాత్ర మింగినవారా, ముసుగు కట్టినవారా, రెండును లేనివారా అను సంగతులను రక్తనమూనాలతో సహా ఏ నాటికానాడు వ్రాసియుంచుట యెట్టి మహమ్మారియందైనను మొదటి పనిగ నుండవలెను. లక్షలమందిని రైలెక్కించు భయమునకు అట్టి లెక్కవలన ఒక కొలత దొరకును.

2001లో సిలిగురిలో ఒక విచిత్రజ్వరము చెలరేగినప్పుడు రోగము పడినవారిలో ముప్పాతికమంది ఆసుపత్రి సిబ్బందియో, రోగులను చూడ వచ్చినవారో. అది నిపా వైరసని దాచియుంచిన నమూనాలవలన తేలి లోకమునకు తెలియుటకు 2006 వచ్చినది. గుజరాతులోనే, 2011 జనవరిలో, సాణంద్ తాలూకా గ్రామమునుండి అహమ్మదాబాదు ఆసుపత్రికి వచ్చిన ఒక రోగి మరణించిన పిమ్మట, ఆమెకు చికిత్స చేసిన వైద్యుడును, శుశ్రూష చేసిన నర్సును మరణించిరి. పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ అది కాంగో జ్వరమని నిర్ణయించెను. భారతదేశమున ఆ జ్వరము కనుగొనబడుట అదే మొదలు. ఆ ఇద్దరును మడియకపోయినచో మొదటి మరణము ఏదో జ్వరమని ఊరకుండెడివారమేమో.

ఇట్టివి ఎప్పుడో వచ్చు ఉపద్రవములు. ప్రతిదినము వచ్చు ఉపద్రవము సూదిపోటు. హెపటైటిస్ బి రోగికి గుచ్చిన సూది, టీకా లేనివానికి గుచ్చుకొన్నచో నూటికి ముప్పదిమంది వఱకు ఆ వ్యాధి సోకవచ్చును, హెచ్.ఐ.వి. విషయమున వేయింటికి మువ్వురు. మొదటిదానికి టీకా కలదు. అది మొదట పరదేశపు సరకై సామాన్యునికి అందకుండగా, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో దానిని దేశమునందే తయారుచేసి వెలను నేలకు దించెను. అయినను నేటికిని, ఏ ఆసుపత్రికి పోయినను డాక్టరుగారు టీకా వేసికొనియుందురు, సిస్టరు బహుశః వేసికొనియుండును. వాడిన సూదులు నిండిన సంచిని భుజాన వేసికొని పెరటికి పోవు కాంట్రాక్టు కూలివానిని అడిగి చూడుడు. వాడు వైద్యసిబ్బంది క్రింద లెక్కకు రాడు. వాడికి సూది గుచ్చుకొన్నచో నోటిలో వ్రేలు పెట్టుకొని, మఱల పనిలోనికి దిగును. చెప్పినచో పని పోవునని భయము.

ఇది కూలివాని విషయము మాత్రమే యనుకొనుటకును వీలులేదు. 2020 సెప్టెంబరులో, కోవిడువలన మరణించిన వైద్యసిబ్బంది యెందరని పార్లమెంటున అడిగినప్పుడు, ఆ లెక్క కేంద్రమువద్ద లేదనియు, ఆరోగ్యము రాష్ట్రముల విషయమనియు సమాధానము వచ్చెను. భారత వైద్యసంఘము మరణించిన 382 మంది వైద్యుల పేర్లు ప్రకటించెను. ఏబది లక్షల బీమా ప్రకటించిన ప్రభుత్వము, ఆ బీమా ఎవరికి చెందవలెనో లెక్క పెట్టుకొనలేదు! వారి గౌరవార్థము పళ్ళెములు మ్రోగించిన శబ్దము మాత్రము ఊరూర వినబడినది.

ప్లేగు పిమ్మట సూరత్ నగరము చేసిన పని చిన్నది కాదు. 1995లో పురపాలక కమిషనరుగ వచ్చిన ఎస్.ఆర్. రావు, మన తెలుగువాడే, అధికారులను చల్లని గదులనుండి వీథులలోనికి దింపి, చెత్తను ఎత్తించి, ఆక్రమణలను తొలగించి, రెండేండ్లలోనే ఊరి రూపము మార్చెను; అంతకంటె గొప్పగ, ఏ పేటలో ఏ జ్వరము ఎందరికి వచ్చినదో దినదినము తెలిసికొను ఏర్పాటు ఆ నగరమున వేళ్ళూనినది. ఆ పట్టికలకు ఒక నిలువు గడి చేర్చుట కష్టము కాదు: ఈ దినము రోగము పడిన ఆసుపత్రి సిబ్బంది. సూరత్‌లోనే కాదు, మన గాంధీ, ఉస్మానియా, కింగ్ జార్జి ఆసుపత్రులలోను, పనిలో చేరిన దినముననే ప్రతివాని రక్తపు నమూనా తీసి భద్రపరచి, టీకా తేదీ వ్రాసి, సూది గుచ్చుకొన్నదని చెప్పినవానికి శిక్ష లేదని గోడమీద పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టవలెను. ఆ దస్త్రము తెఱచునప్పుడు డీనుగారి పేరుతో తెఱవవలదు. సూదుల సంచి మోయువాని పేరుతో, వానికి జీతమిచ్చువాడు కాంట్రాక్టరైనను సరే, మొదలు పెట్టుడు.

— వీక్షకుడు