సలహాకు బలము లేదా?

సంఘము పక్షమున అర్జీ వ్రాయ పూనుకొనినప్పుడెల్ల సిరొంచ బజారులో ఒక మాట వినవచ్చుచున్నది: “భాషాల్పసంఖ్యాకుల కమిషనరు సలహా చెప్పగలడే గాని ఆజ్ఞాపింపలేడు గదా! ఈ కాగితము లెందులకు?” ఈ ప్రశ్నకు బదులు చెప్పుట మా విధి.

బేరములో తగవు వచ్చినపుడు పెద్దమనిషి చెప్పిన మాట వెంట బంట్రోతు రాడు. అయినను దానిని త్రోసిపుచ్చినవాడు మరునాడు బజారులో తలయెత్తుకొని తిరుగుట కష్టము. దేశముల నడుమను ఇదియే రీతి. హేగు నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము, ఐక్యరాజ్య సమితి సంస్థలు అడిగినచో, సలహారూపమున అభిప్రాయము చెప్పును. అది సాధారణముగ ఎవరికిని శిరసావహింప వలసిన తీర్పు కాదు.

దీనికి పూర్వము నానాజాతి సమితి కాలమున నున్న న్యాయస్థానము 1935 ఏప్రిల్ 6న చెప్పిన అభిప్రాయము మనబోటి వారికి ముఖ్యము. అల్పసంఖ్యాకులు తమ ఖర్చుతో బడులు నడుపుకొనవచ్చునని 1921లో మాట యిచ్చిన అల్బేనియా, 1933లో ప్రైవేటు బడుల నన్నిటిని రద్దుచేసెను. గ్రీకు భాషవారు మొరపెట్టుకొనగా, “అందరి బడులను మూసితిమి, ఇందు పక్షపాత మేది?” అని వాదించెను. ఆ వాదము చెల్లదని 8 మంది న్యాయమూర్తులు, చెల్లునని 3 రనిరి. సమానత్వము చట్టమునందే గాక అనుభవమునందును ఉండవలెనని ఆనాడు తేలినది.

తెలుగు కుటుంబములు తరతరములుగ నివసించు మారిషస్ సంగతి చూడుడు. ఛాగోస్ దీవులను గూర్చి ఆ దేశము తానుగ సలహా అడుగ వీలులేదు; కావున 2017లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభచే అడిగించెను. ఆ దీవుల పాలనను బ్రిటన్ సాధ్యమైనంత త్వరలో విడువవలెనని 2019 ఫిబ్రవరి 25న న్యాయస్థానము చెప్పెను. బ్రిటన్ వెంటనే వినలేదు. మారిషస్ ఆ అభిప్రాయమును చేతబట్టి అడుగుట మానలేదు. 2025 మే 22న దీవుల నప్పగించు ఒడంబడికపై బ్రిటన్ సంతకము చేసెను. సంతకము వరకు వచ్చుటకే ఆరేండ్లు పట్టినది.

ఇక మన సంగతి. 1956లో బొంబాయి రాష్ట్రములో, 1960లో మహారాష్ట్రలో, 1982లో గడ్చిరోలి జిల్లాలో చేరితిమి. మన యిండ్లు కదలలేదు, సరిహద్దులే కదలినవి. మరాఠీ మనకు అన్నము పెట్టు భాష. దానిపై మనకు వైరము లేదు. కాని ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు రాష్ట్రము యత్నింపవలెనని రాజ్యాంగము 350-ఎ అధికరణము చెప్పుచున్నది. కమిషనరును నియమించునది 350-బి. ఆయన నివేదికలు రాష్ట్రపతికి చేరి పార్లమెంటు ముందు ఉంచబడును.

బడిలో 40 మందిగాని తరగతిలో 10 మందిగాని ఉన్నచో మాతృభాషలో చెప్పు ఉపాధ్యాయుని ఈయవలెనని 1949లోనే విద్యామంత్రుల సమావేశము సూత్రము నేర్పరచినది. మన పిల్లలెందరో మనమే లెక్క చెప్పకున్న ఆ సూత్రము మన గుమ్మము త్రొక్కునా? కావున సోదరులారా, ప్రతి కుటుంబమువారును తమ పిల్లల పేరు, వయస్సు, తరగతి వ్రాసి సంఘమునకు అందజేయ ప్రార్థించుచున్నాము. పేర్లు లేని అర్జీపై సలహా చెప్పువారుండరు.