చొక్కాకు చిల్లులు పడుతున్నాయా?

ఉతికి ఆరేసిన చొక్కా మడత పెడుతుంటే ఆమె కంటపడింది. సరిగ్గా పొట్ట దగ్గర ఆవగింజంత చిల్లులు. ఒకటీ రెండూ కాదు, పది దాకా! కొని రెండు నెలలైనా కాలేదు. 'ఏమండీ, కొత్తగా బీడీలు గానీ మొదలుపెట్టారా?' అని నిలదీసింది. అతనికి అసలు ఆ అలవాటే లేదు. 'గుడ్డ నాసిరకం అయ్యుంటుందిలే' అని సర్దిచెప్పి డ్యూటీకి వెళ్లిపోయాడు.

గోదాములో పెద్ద మేస్త్రీకి ఆ మాట చెబితే ఆయన నవ్వలేదు. 'గుడ్డది కాదు నాయనా తప్పు. ఏప్రాన్ కట్టుకోకుండా బ్యాటరీల దగ్గర వంగి పనిచేస్తున్నావు. ఈసారి చుక్క చొక్కా మీద పడింది. అదే కంట్లో పడితే?' అన్నాడు.

ఇలాంటి చొక్కాలు చాలా ఇళ్లలో ఉంటాయి. గోదాములు, కోల్డ్ స్టోరేజీలు, ఫ్యాక్టరీలు... ఎక్కడ చూసినా ఇప్పుడు సరకు ఎత్తి దించేది ఫోర్క్‌లిఫ్టులే. వాటిలో చాలావాటికి డీజిల్ అక్కర్లేదు. సీసం బ్యాటరీతో నడుస్తాయి. షిఫ్టు అయిపోగానే వాటిని ఛార్జింగ్ గదికి తోలి, బీరువాలాంటి పెద్ద ఛార్జరుకు తగిలిస్తారు. రోజూ చేసే పనే కదా అని ఎవరూ దాని గురించి పెద్దగా ఆలోచించరు. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే!

చుక్క చిన్నదే... పని పెద్దది
సీసం, గంధకామ్లం కలిపి పదేపదే ఛార్జి చేసుకునే బ్యాటరీని ఫ్రాన్సు శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశారు. ఇన్నేళ్లు గడిచినా మూలసూత్రం మారలేదు. బ్యాటరీ వాడుతున్నకొద్దీ ఆమ్లం ప్లేట్లలోని సీసంతో కలుస్తుంది, మిగిలిన ద్రవం పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఆమ్లం మళ్లీ ద్రవంలోకి వచ్చేస్తుంది. హైడ్రోమీటరు ముంచి 'గ్రావిటీ' చూసేది ఇందుకే. నిండా ఛార్జయిన బ్యాటరీలో అది 1.280 దగ్గర ఉంటుంది. బాగా దిగిపోతే 1.150 దాకా పడిపోతుంది.

మరి చొక్కాకు చిల్లులెందుకు? ఆమ్లం తుంపర నూలుగుడ్డ మీద పడగానే ఏమీ కనిపించదు. అందులోని నీరు ఆరేకొద్దీ ఆమ్లం చిక్కబడి నూలుపోగును లోలోపలే తినేస్తుంది. ఉతికినప్పుడు ఆ చోటు ఊడిపోతుంది. అందుకే ఆ సంగతి ముందు తెలిసేది పనిచేసే మనిషికి కాదు, ఇంట్లో బట్టలు ఉతికేవారికి!

కంటికి కనిపించని వాయువు
ఆమ్లాన్ని మించిన ముప్పు మరొకటుంది. బ్యాటరీ దాదాపు 80 శాతం నిండాక, ఒక్కో సెల్లు వోల్టేజీ 2.4 దగ్గరకు చేరాక, ఛార్జరు పంపే కరెంటులో కొంత లోపలి నీటిని విడగొట్టడం మొదలుపెడుతుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలుగా పైకొస్తాయి. బ్యాటరీ 'మరుగుతోంది' అని కార్మికులు అనేది దీన్నే. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలిలో 4 శాతానికి చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది.

ఎంత వాయువు వస్తుందో లెక్క చూడండి. 48 వోల్టుల బ్యాటరీలో 24 సెల్లులుంటాయి. ఛార్జింగ్ చివరి దశలో 20 ఆంపియర్ల కరెంటు మొత్తం నీటిని విడగొట్టేందుకే పోతే, గంటలో దాదాపు 200 లీటర్ల హైడ్రోజన్ పుడుతుంది. చిన్న స్నానాలగదంత చోటును మంట అంటుకునే స్థితికి తేవడానికి అది చాలు. పక్కపక్కనే అయిదారు బ్యాటరీలు ఛార్జింగ్‌లో ఉంటే?

హైడ్రోజన్ చాలా తేలిక. పుట్టగానే పైకప్పుకు చేరుతుంది. కాబట్టి కిటికీ ఒక్కటే తెరిచి ఊరుకుంటే సరిపోదు. పైకప్పు దగ్గర వాయువు బయటికి పోయే దారి, దాన్ని లాగేసే ఫ్యాను ఉండాలి. చలిగా ఉందనో, దుమ్ము వస్తోందనో తలుపులు బిగించకూడదు. ఆ గదిలో బీడీ, అగ్గిపుల్ల, వెల్డింగు... ఏవీ పనికిరావు. ఛార్జింగ్ జరుగుతుండగా బ్యాటరీ పెట్టె మూత తెరిచి ఉంచాలి. సెల్లుల మీది చిన్న మూతలు మాత్రం తీయకూడదు. తుంపర పైకి రాకుండా ఆపేవి అవే.

ముందు స్విచ్... తర్వాతే ప్లగ్గు
ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. డ్రైవరు తొందరలో ఉంటాడు. ఛార్జరు ఆపకుండానే ప్లగ్గు పీకేస్తాడు. 'టప్'మని మెరుపు! ఇంట్లో మనం వాడే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది. అందుకే అందులో పుట్టిన మెరుపు త్వరగా ఆరిపోతుంది. బ్యాటరీకి వెళ్లేది డీసీ. అది సున్నాకు రాదు. ప్లగ్గు లాగినా మెరుపు సాగుతూనే ఉంటుంది. పక్కనే హైడ్రోజన్ ఉంటే... ఇంకేముంది, బ్యాటరీ పేలి ఆమ్లం మొహాన చిమ్ముతుంది.

సూత్రం చాలా తేలిక. తగిలించేటప్పుడు ముందు ప్లగ్గు, తర్వాత స్విచ్. తీసేటప్పుడు ముందు స్విచ్, తర్వాత ప్లగ్గు. వైరు పట్టుకుని లాగకుండా, ప్లగ్గును పట్టుకుని తీయాలి.

బ్యాటరీ వోల్టేజీ, ఛార్జరు వోల్టేజీ ఒకటేనా అన్నది కూడా చూసుకోవాలి. 24 వోల్టుల బ్యాటరీని 48 వోల్టుల ఛార్జరుకు తగిలిస్తే అది ఉడికిపోతుంది. సీసం బ్యాటరీ ఛార్జరుతో లిథియం బ్యాటరీని ఛార్జి చేయడం మరీ ప్రమాదం. రెండింటి పద్ధతులూ వేరు.

చేతికి ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టాకే పని మొదలుపెట్టాలి. రెండు టెర్మినళ్ల మధ్య లోహం ఏది తగిలినా వేల ఆంపియర్లు ప్రవహిస్తాయి. స్పానరు కూడా కరిగిపోతుంది. ఉంగరమైతే వేలితో సహా కాలుతుంది. బ్యాటరీ మీద పనిముట్లు పెట్టే అలవాటు అసలు వద్దు.

నీళ్లు ఎప్పుడు పోయాలి?
ఛార్జింగ్‌కు ముందు నిండుగా నీళ్లు పోస్తే, ఛార్జయ్యేటప్పుడు ద్రవం పొంగి ఆమ్లం బయటికి వస్తుంది. అందుకే నీళ్లు పోయాల్సింది ఛార్జింగ్ పూర్తయ్యాకే. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం, అవి మునిగేంత వరకే ముందు పోయాలి. అదీ డిస్టిల్డ్ వాటరే. కుళాయి నీళ్లలోని లవణాలు, ఇనుము ప్లేట్లను పాడుచేస్తాయి. మట్టం తగ్గిందని ఆమ్లం పోయకూడదు. ఆవిరైంది నీరే కానీ ఆమ్లం కాదు. ఎప్పుడైనా ఆమ్లాన్ని పలచన చేయాల్సి వస్తే నీళ్లలో ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోయాలి. ఆమ్లంలో నీళ్లు పోస్తే ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతుంది.

ఫోర్క్‌లిఫ్టు బ్యాటరీకి ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల ఛార్జింగ్, ఎనిమిది గంటల విశ్రాంతి అన్నది పాత లెక్క. ఇప్పటికీ సీసం బ్యాటరీలకు పనికొచ్చే లెక్కే. ఛార్జి 20 శాతానికంటే దిగకముందే ఆపేయాలి. దిగిన బ్యాటరీని రోజుల తరబడి అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద తెల్లటి పొర గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జి చేసినా నిలవదు. ఛార్జింగ్‌లో వేడి 45 డిగ్రీలు దాటుతున్నా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తున్నా ఛార్జరును గోడ దగ్గరి మెయిన్ స్విచ్‌తో ఆపేసి, అందరూ బయటికి వచ్చి సూపర్‌వైజరుకు చెప్పాలి.

ఛార్జరును కూడా కనిపెట్టుకుని ఉండాలి. ప్లగ్గు నల్లబడితే లోపల పట్టు వదులైందని అర్థం. వైరు తొడుగు చిట్లితే టేపు చుట్టి సరిపెట్టకుండా మార్చాలి. గాలి రంధ్రాల్లో దుమ్ము పేరుకుంటే ఛార్జరు వేడెక్కుతుంది. పెట్టె విప్పే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌దే. మెయిన్ ఆపేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది.

ఇవి గుర్తుంచుకోండి
* కంట్లో ఆమ్లం పడితే రుద్దకూడదు. కనురెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడగాలి. ఆ వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.
* నేల మీద ఒలికిన ఆమ్లానికి వంటసోడా చల్లాలి. పొంగడం ఆగాక నీళ్లతో కడగాలి. కంట్లో, ఒంటి మీద మాత్రం సోడా వాడొద్దు, నీళ్లే.
* కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు, ఏప్రాన్, బూట్లు లేకుండా నీళ్లు పోయడం, గ్రావిటీ చూడటం చేయొద్దు.
* సీసం విషం. పని నుంచి రాగానే చేతులు, మొహం కడుక్కున్నాకే అన్నం ముట్టాలి. పని బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.
* ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీకీ ఇవే సూత్రాలు. గాలి ఆడేచోట పెట్టాలి. దేవుడి గదిలో దీపం కింద, గ్యాస్ పొయ్యి పక్కన వద్దు. నీటి మట్టం చూడటానికి అగ్గిపుల్ల గీయొద్దు, టార్చిలైటు వాడండి.
* పాత బ్యాటరీని అమ్మిన దుకాణానికే తిరిగివ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించి రీసైక్లింగ్‌కు పంపించే బాధ్యత తయారీదారులదే.

మేస్త్రీ మాట విన్న మర్నాటి నుంచి అతను ఏప్రాన్ కట్టుకోవడం మొదలుపెట్టాడు. గదిలో కళ్లద్దాలు ఒకే జత ఉంటే, ఇంకో రెండు కావాలని సూపర్‌వైజరును అడిగి మరీ తెప్పించాడు. తర్వాతి ఆదివారం ఆమె బట్టలు మడత పెడుతూ ఒక్కో చొక్కానూ వెలుగుకు పెట్టి చూసింది. కొత్త చిల్లు ఒక్కటీ లేదు.

మీ ఇంట్లోనూ ఎవరి చొక్కాకైనా అలాంటి చిల్లులు కనిపిస్తే గుడ్డను తిట్టకండి. ఆ మనిషిని అడగండి. చిల్లులు పడ్డ చొక్కా స్థానంలో ఇంకోటి కొనుక్కోవచ్చు... కన్ను పోతే ఏ బజారులో దొరుకుతుంది?