మన ఊక బూడిద – వాళ్ళ చమురు బావి

రైసు మిల్లు వెనకాల బూడిద గుట్ట చూడని వ్యవసాయ కార్మికుడు గోదావరి జిల్లాల్లో వుండడు. గాలి తిరిగిందంటే ఆ నుసి పేటమీదికే వస్తుంది. ఆరేసిన బట్టలమీద పడుతుంది, అన్నం గిన్నెలో పడుతుంది, పిల్లల కళ్ళల్లో పడుతుంది. మిల్లు యజమాని లెక్కలో అది చెత్త. చెత్త గనక దాన్ని ఎక్కడ పోసినా అడిగేవాడు లేడు.

ఇప్పుడు ఆ చెత్త గురించి శాస్త్రజ్ఞులు ఒక ముఖ్యమైన సంగతి చెబుతున్నారు. చమురు బావుల్లో, గ్యాసు బావుల్లో ఇనప గొట్టాల చుట్టూ పోసే సిమెంటులో ఇలాంటి బూడిదలను తగు పాళ్ళలో కలిపితే అది మరింత గట్టిపడుతుందనీ, ఎక్కువకాలం నిలుస్తుందనీ పరిశోధనలు చూపిస్తున్నాయి. ఊక బూడిద ఒక్కటే కాదు. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద, ఉక్కు కర్మాగారాల కొలిమి చిట్టెం, పగిలిన గాజు పొడి, అరిగిపోయిన టైర్ల రబ్బరు పొడి కూడా ఈ జాబితాలో వున్నాయి.

“కూలి పెంచమని అడిగే సంఘానికి చమురు బావి సిమెంటు గొడవ ఎందుకు?” అని కొందరు మిత్రులు అడగవచ్చు. కావాలి మిత్రులారా, రెండు కారణాల వల్ల కావాలి. మొదటిది: ఆ బూడిద మనం పండించిన పంట నుంచి వచ్చినది, దాని నుసి పీల్చేది మనం. రెండోది: కోనసీమలో ఆ బావులు తవ్వుతున్నది మనం నాట్లు వేసే చేల పక్కన, మనం నీళ్ళు తోడుకునే నూతుల పక్కన. పాతాళంలోని గ్యాసుకీ, మన తాగునీటికీ మధ్య కాపలా కాసేవి ఇనప గొట్టమూ, దాని చుట్టూ వున్న ఆ సిమెంటు పొరా. అది గట్టిదో గుల్లదో తెలుసుకోవడం మన హక్కు.

ముందు ఆ పొర ఏమిటో చూద్దాం. బావి తవ్వేటప్పుడు కొంత లోతు పోయాక ఇనప గొట్టాలు దించుతారు. సిమెంటును నీళ్ళతో జావలాగా కలిపి గొట్టం లోపలినుంచి కిందికి తోస్తారు. అది అడుగునుంచి తిరిగి, గొట్టానికీ భూమికీ మధ్య వున్న సందులో పైకి వచ్చి అక్కడ గడ్డకడుతుంది. బొటనవేలి మందం వుండే ఆ పొర పై భాగంలో వున్న మంచినీటి పొరలను, కింద వున్న ఉప్పునీటినుంచీ చమురు నుంచీ వేరుచేయాలి. అది చిట్లితే ఆ సందులోంచి గ్యాసు పైకి పాకుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు.

సిమెంటు నీళ్ళతో కలిసినప్పుడు రెండు పదార్థాలు పుడతాయి. ఒకటి గట్టి జిగురు, బలమంతా దానిదే. రెండోది సున్నం. ఈ సున్నం బలహీనమైనది. కార్బన్ డయాక్సైడు కలిసిన నీరు తగిలితే అది కరిగిపోతుంది, సిమెంటు గుల్లబారుతుంది. ఊక బూడిదలోనూ బొగ్గు బూడిదలోనూ వున్న సిలికా ఈ సున్నంతో కలిసి దాన్ని కూడా జిగురుగా మారుస్తుంది. బలహీనమైనది బలమైనదవుతుంది, సన్నని రంధ్రాలు పూడుకుంటాయి. రహస్యమంతా ఇంతే.

ఇది మన తాపీ మేస్త్రీలకు కొత్త సంగతి కాదు. సిమెంటు బస్తా మన ఊళ్ళకు రాక ముందు ఇటుక పొడిని సున్నంలో కలిపి, గానుగలో తిప్పి, ఆ డంగు సున్నంతో గోడలు లేపిన చేతులు మనవే. కాల్చిన మట్టిపొడి సున్నాన్ని గట్టిపరుస్తుందని ఏ కళాశాలకూ వెళ్ళని మేస్త్రీకి తెలుసు. దాన్నే ఇవాళ ప్రయోగశాలలో కొలిచి చూస్తున్నారు. శ్రమజీవి అనుభవమే సైన్సుకు పునాది అని మేము చెప్పే మాటకు ఇదొక సాక్ష్యం.

ఇక లెక్క చూడండి. ధాన్యం తూకంలో సుమారు అయిదో వంతు ఊక. ఊకను కాలిస్తే మిగిలే బూడిద దాంట్లో మళ్ళీ సుమారు అయిదో వంతు. అంటే 75 కిలోల బస్తాకు 15 కిలోల ఊక, 3 కిలోల బూడిద. ఎకరానికి 30 బస్తాలు పండితే 90 కిలోల బూడిద. బాగా కాల్చిన బూడిదలో నూటికి 85 పాళ్ళకు పైగా సిలికాయే. పైరు నేలలోంచి పీల్చిన సిలికా అది. ఆ పైరును నాటిందీ, కలుపు తీసిందీ, కోసిందీ, మోసిందీ ఎవరు?

భూమి లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని లోతైన బావుల్లో 150 డిగ్రీలు దాటిన వేడి కూడా వుంటుంది. మామూలు సిమెంటు 110 డిగ్రీలు దాటితే మొదట గట్టిగానే వుండి, తరవాత క్రమంగా బలం కోల్పోతుంది. అందుకనే అటువంటి బావుల్లో సిమెంటు తూకంలో 35 నుంచి 40 శాతం దాకా మెత్తటి సిలికా పిండి కలపడం చమురు పరిశ్రమలో ఎప్పటినుంచో వున్న పద్ధతి. ఆ పిండిని ఇసుకరాయిని నూరి తయారుచేస్తారు. దాని బదులు కొంతమేరకైనా ఊక బూడిద వాడవచ్చునా అన్నదే ఇప్పటి పరిశోధన. వాడగలిగితే రాయి నూరే ఖర్చు తగ్గుతుంది. బూడిద కొంత సిమెంటు స్థానాన్ని కూడా తీసుకుంటే కాలుష్యమూ తగ్గుతుంది. ప్రపంచంలో విడుదలయ్యే కార్బన్ డయాక్సైడులో సుమారు 8 శాతం సిమెంటు తయారీ నుంచి వస్తున్నదే.

కనక మేము ఈ శాస్త్రానికి వ్యతిరేకం కాదు. సైన్సును స్వాగతిస్తాం. అయితే దాని పరిమితులు కూడా జనానికి చెప్పాలి. ఏ బూడిద పడితే ఆ బూడిద పనికిరాదు. ఊకను మితమైన వేడిలో కాలిస్తే వచ్చే బూడిద చురుకుగా పనిచేస్తుంది. విపరీతమైన వేడిలో కాలిస్తే సిలికా స్ఫటికంగా మారి మొద్దుబారుతుంది. సగం కాలిన నల్లబూడిదలో బొగ్గు మిగిలిపోతుంది. పైగా ఊక బూడిద నీళ్ళను ఎక్కువగా తాగుతుంది. జావ చిక్కబడిపోయి గొట్టం మధ్యలోనే గడ్డకడితే బావి మొత్తం నాశనం. రబ్బరు పొడి కలిపితే సిమెంటుకు సాగే గుణం వస్తుంది, కాని నలుగుడుకు తట్టుకునే బలం తగ్గుతుంది. మిల్లు మిల్లుకీ బూడిద మారుతుంది, లోడు లోడుకీ మారుతుంది. అందుచేత ప్రతి లోడునూ పరీక్షించాలి. బావి అడుగున ఎంత వేడి, ఎంత ఒత్తిడి వుంటాయో అంతలోనూ పరీక్షించాలి. మన దేశంలో చమురు బావి సిమెంటుకు ఐ.ఎస్. 8229 అనే ప్రమాణం వుంది. ప్రమాణం కాగితం మీద వుంటే చాలదు.

పరీక్ష చేయడమొక్కటే చాలదని 2010లో ప్రపంచం చూసింది. ఆ సంవత్సరం ఏప్రిల్ 20న అమెరికా తీరాన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు పేలింది. 11 మంది కార్మికులు చనిపోయారు. 87 రోజులపాటు సముద్రంలోకి చమురు కారింది. బావి అడుగున పోసిన సిమెంటు చమురునూ గ్యాసునూ ఆపలేకపోయిందని అమెరికా అధ్యక్షుడు నియమించిన కమిషన్ 2011 జనవరిలో తేల్చింది. అంతకుముందే జరిగిన ప్రయోగశాల పరీక్షల్లో ఆ సిమెంటు మిశ్రమం నిలకడగా లేదని ఫలితాలు వచ్చాయి. పరీక్ష హెచ్చరించింది, కాగితం కంపెనీల బల్లల మీదే వుండిపోయింది, పని ఆగలేదు. ఆ కాగితం రిగ్గు మీద పనిచేసే కార్మికుల చేతిలో వుంటే వాళ్ళు ఆ రాత్రి పని చేసేవారా?

కోనసీమ ప్రజలకు మంటల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1995 జనవరి 8న పాసర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. చుట్టుపక్కల వాళ్ళు ఇళ్ళు వదిలి పోయారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఈ రెండూ సిమెంటు పొర వల్ల జరిగాయని మేము అనడం లేదు. మొదటిది బావి తవ్వుతుండగా జరిగింది, రెండోది నేలలో పాతిన గొట్టం వల్ల జరిగింది. మేము అనేది ఒక్కటే: భూమి లోపల ఏం జరుగుతున్నదో పైన బతికేవాళ్ళకు చెప్పని పద్ధతి రెండింట్లోనూ వుంది. ఆ పద్ధతి మారకుండా సిమెంటు ఎంత గట్టిపడినా మన భయం తగ్గదు.

మారకపోగా అది ఇంకా బిగుసుకుంటున్నది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం చమురు, గ్యాసు అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ వుండేది. అధికారుల ముందు మైకు పట్టుకుని నాలుగు ప్రశ్నలు అడిగే సందు మనకు అక్కడ వుండేది. 2020 జనవరిలో అన్వేషణ బావుల వర్గాన్ని మార్చి కేంద్రం ఆ సందును కూడా మూసేసింది. సిమెంటులో ఏం కలుపుతున్నారు అని ఇక ఎవరు, ఎక్కడ అడగాలి?

ఇక నుసి పీల్చే మనిషి సంగతి. “వ్యర్థం నుంచి సంపద” అని పాలకులు నినాదం ఇస్తారు. ఆ సంపద ఎవరికి? బొగ్గు బూడిద చరిత్ర చూడండి. మన దేశపు బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే. ఇబ్రహీంపట్నం, పరవాడ, రామగుండం ప్రాంతాల జనానికి బూడిద చెరువంటే ఏమిటో తెలుసు. బూడిదను ఇటుకల్లో, సిమెంటులో వాడాలని కేంద్రం 1999లో ఉత్తర్వు తెచ్చింది. 2021 డిసెంబరు 31 నాటి ఉత్తర్వులో, వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు 1000 రూపాయల చొప్పున థర్మల్ కేంద్రాలు కట్టాలన్నది. టన్నుకు లెక్క కట్టారు. బూడిద పీల్చిన ఊపిరితిత్తులకు ఎవరు లెక్క కట్టారు?

సన్నని స్ఫటిక సిలికా దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. అది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. దానికి నయంచేసే మందు లేదు. పలకల పరిశ్రమలో, రాయి కొట్టే పనిలో మనవాళ్ళు దగ్గి దగ్గి రాలిపోయారు. ఆసుపత్రి చీటీలో మాత్రం టీబీ అని రాశారు. రేపు బూడిదకు గిరాకీ వచ్చి, ఎండబెట్టడం, జల్లించడం, నూరడం, బస్తాలకెత్తడం మొదలైతే ఆ పనికి వచ్చేది ఎవరు? యంత్రాలు వచ్చి కోత పనులు పోయిన మన ఆడవాళ్ళే వస్తారు. ముక్కుకు చీర కొంగు కట్టుకుని రోజంతా జల్లెడ పడతారు. కాంట్రాక్టరు హాజరు పుస్తకంలో వాళ్ళ పేర్లుండవు. బావిలో సిమెంటు గట్టిపడుతుంది, జల్లెడ పట్టిన మనిషి గుల్లబారుతుంది. ఇలాంటి అభివృద్ధిని మేము ఒప్పుకోం.

అందుచేత ప్రజల ముందు ఈ కోర్కెలు పెడుతున్నాం.

ఒకటి, ప్రతి బావికీ పోసిన సిమెంటు మిశ్రమం వివరాలు, దాని పరీక్షా ఫలితాలు, పోసిన తరవాత పొర అతుక్కున్నదో లేదో చూసే లాగింగు నివేదిక తెలుగులో పంచాయతీ కార్యాలయంలో పెట్టాలి.

రెండు, బావి తవ్వకముందూ తవ్విన తరవాతా చుట్టుపక్కల నూతుల్లో, బోర్లలో నీటిని పరీక్షించి ఫలితాలు ఊరికి చెప్పాలి. ఎస్సీ పేటల బోర్లు మొదట చూడాలి.

మూడు, కొత్త మిశ్రమాలను కంపెనీ ప్రయోగశాల మాట మీద కాకుండా ప్రభుత్వ విద్యాసంస్థల్లో పరీక్షించాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వుంది, పెట్రోలియం, ఇంధన విద్య కోసమే పెట్టిన జాతీయ సంస్థ వుంది. కాకినాడలో జె.ఎన్.టి.యు. వుంది. వాళ్ళ చదువు ఈ జిల్లాల జనానికి ఉపయోగపడాలి.

నాలుగు, బూడిద పనిచేసే చోట తడిపి ఎత్తే పద్ధతి, దుమ్ము పీల్చే యంత్రం, సరయిన ముసుగు, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి చేయాలి. హాజరు పుస్తకం, ఇ.ఎస్.ఐ. వుండాలి. ఇవి లేని చోట పనికి దిగవద్దని మా సంఘ సభ్యులకు చెబుతున్నాం.

అయిదు, ఊక బూడిద సేకరణను దళారులకు కట్టబెట్టకుండా వ్యవసాయ కార్మికుల, కౌలు రైతుల సహకార సంఘాలకు అప్పగించాలి.

ఈ కోర్కెలు వాటంతటవే నెరవేరవు. అర్జీ ఇచ్చి ఇంటికి వస్తే అది బల్ల సొరుగులోకి పోతుందని మనకు అనుభవమే. కనక ప్రతి గ్రామశాఖా ఈ నెలలోనే మూడు పనులు చేయాలి. మీ ఊళ్ళో, పక్క ఊళ్ళో వున్న చమురు, గ్యాసు బావులు ఎన్ని, ఏ నూతికి ఎంత దూరం అన్నది లెక్క రాయండి. మీ మిల్లు బూడిద ఎక్కడ పోస్తున్నారో, ఎవరు ఎత్తుతున్నారో, వాళ్ళలో దగ్గు వున్నవాళ్ళెందరో రాయండి. సిమెంటు నివేదికల కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. చదువు రాదని వెనకాడవద్దు. తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి రాసిపెడుతుంది. సంతకమో వేలిముద్రో మీరు వేయండి.

ఒక్క దరఖాస్తును పక్కన పడేయడం తేలిక. వంద ఊళ్ళ నుంచి వంద దరఖాస్తులు ఒకే వారంలో వెళితే, వాటి వెనక పేటల జనం నిలబడితే, పక్కన పడేయడం అంత తేలిక కాదు.