కిన్నెరకు కచేరీ కావాలి

న్యూయార్క్‌లో 1974లో నలుగురు కుర్రాళ్లు రామోన్స్ అనే బృందం కట్టారు. గిటార్ మీద మూడు నాలుగు కార్డ్స్, ఉరుకులు పెట్టే డ్రమ్స్, విన్న వెంటనే నోటికి పట్టే బాణీ. 1976లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో 14 పాటలున్నాయి, అన్నీ కలిపి అరగంట పట్టవు. పంక్ రాక్ అనగానే నేడు లోకం ముందుగా చెప్పే పేర్లలో వాళ్లదొకటి. అయినా ఆ ఆల్బమ్‌కు గోల్డ్ హోదా దక్కింది 2014లో. అప్పటికి గాయకుడు జోయీ రామోన్ చనిపోయి పదమూడేళ్లు. మరి ఇన్నాళ్లూ ఎట్లా నిలబడ్డారు? ఊరూరా తిరిగి వాయించి నిలబడ్డారు. 1996లో ఆపేసేనాటికి 2,263 కచేరీలు చేశారు.

ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు మన దర్శనం మొగిలయ్య గుర్తొస్తారు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు. మొగిలయ్య చేతిలోది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, దానికి కట్టిన ఎండు సొరకాయ బుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు, వాటి మీదుగా తీగ. గొంతు ఎత్తుగా అందుకుంటుంది, నడుమ మాటగా మారి కథ చెబుతుంది, ఊపిరి తీసుకునే సందులో తీగ అదే వరుసను ముందుకు లాక్కుపోతుంది. ఒక్క మనిషే బృందమంతా అయి పాడే పాట అది. అందులో ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న ఉంటాడు. రామోన్స్‌తో పోలిక కొందరికి ఎబ్బెట్టుగా ఉండొచ్చు. నాకు మాత్రం తక్కువ సరంజామా, ఎక్కువ ఊపు, జనం ముందు నిలబడితే తప్ప బతకని పాట, ఈ మూడూ రెండుచోట్లా కనబడతాయి.

కనబడనిది కచేరీ. కిన్నెర వాయించే డక్కలి కళాకారులను తరతరాలుగా పోషించింది మాదిగ వాడలు. గద్వాల, వనపర్తి సంస్థానాలు పండితులను ఆదరించాయి, గద్వాలకు విద్వద్గద్వాల అన్న పేరే వచ్చింది. కిన్నెరకు మాత్రం వాడే ఆస్థానం. వాడల్లో ఆ పోషణ సన్నగిల్లాక దాని స్థానంలోకి మరేదీ రాలేదు.

బిరుదులు వచ్చాయి. 2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొగిలయ్య గొంతుతోనే మొదలై రాష్ట్రాలు దాటింది. 2022లో పద్మశ్రీ వచ్చింది, ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టే చోట కూలి పని చేస్తూ కనిపించారు. ఆ ఫొటో చూసి అయ్యో అన్నవాళ్లం ఎందరమో. ఆ జాలి నిజమైనదే, కానీ కళాకారుడికి కావలసింది అది కాదు. ఎంత పెద్ద మొత్తమైనా ఒక్కసారి వచ్చేది పెళ్లిళ్లకూ మందులకూ కరిగిపోతుంది. నెలకు నాలుగు కచేరీలు ఉంటే అది బతుకుదెరువు. పిల్లలు కూడా అప్పుడే కిన్నెర పట్టుకుంటారు. తండ్రిని కూలికి పంపిన వాద్యాన్ని కొడుకు ఏ ధైర్యంతో నేర్చుకుంటాడు?

నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ 2024లో పద్మశ్రీ దక్కింది. ఇద్దరు పద్మశ్రీలున్న సీమలో ఈ వాద్యాలు వినాలంటే ఫోనులో వెతుక్కోవాలి. ఇది మనకు గౌరవం కాదు.

వేదికలు లేవని ఎవరూ అనలేరు. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ ఉంది. గద్వాల దగ్గరే ఏటా జమ్ములమ్మ జాతరకు జనం పోటెత్తుతారు. కాలేజీ డేకూ జాతరకూ డీజే బాక్సులకు డబ్బు దొరుకుతూనే ఉంది.

కాబట్టి ఈ నాలుగు జిల్లాల ప్రిన్సిపాళ్లకు, జాతర కమిటీలకు, విద్యార్థి సంఘాలకు నా విన్నపం ఒక్కటే. ఈ ఏడాది ఖర్చుల చిట్టాలో డీజే పద్దు పక్కన కిన్నెర పద్దు కూడా రాయండి. సన్మానమని పిలిచి శాలువా కప్పి పంపకండి. ముందే బయానా ఇవ్వండి, మైకు సరిగ్గా పెట్టించండి, గంట సేపు పాడనివ్వండి.