మైకు దాకా దారేది?

ఏటా డిసెంబరు 3వ తేదీన ప్రపంచ వికలాంగుల దినోత్సవం జరుగుతుంది. టౌను హాలులో సభ ఏర్పాటవుతుంది. ముందు వరుసలో పెద్దలు, గుమ్మాలకు మామిడి తోరణాలు, మైకులో పాటలు. పాటల పోటీలో, ఆటల పోటీలో గెలిచిన వారి పేర్లు ఒక్కొక్కటే చదువుతారు. మూడు చక్రాల బండి మీద వచ్చిన మనిషి పేరు పిలవగానే సభలో చిన్న అలజడి. వేదికకు అయిదు మెట్లున్నాయి మరి! నలుగురు కుర్రాళ్ళు పరుగున వచ్చి మనిషిని ఎత్తుకుని పైకి చేరుస్తారు. లేదా ముఖ్య అతిథిగారే కిందికి దిగివచ్చి బహుమతి చేతిలో పెడతారు. చప్పట్లు మోగుతాయి. ఫోటోలు తీస్తారు. ఆ మెట్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

వికలాంగుల కోసం పెట్టిన సభలో వికలాంగుడు ఎక్కలేని వేదిక! ఇది ఏ ఒక్క వూరి సంగతో కాదు. చాలాచోట్ల ఏటేటా కనిపిస్తున్న తంతే.

వికలాంగులు అన్న మాట బాగోలేదని దివ్యాంగులు అన్నారు. విభిన్న ప్రతిభావంతులు అన్నారు. మంచిదే. కాని పేర్లు మారాయి, మెట్లు మారలేదు. ప్రతిభ వున్నదని పేరులోనే ఒప్పుకున్న తర్వాత, ఆ ప్రతిభ చూపే చోటికి దారి వేయకపోవడం ఏం న్యాయం?

చూసేవారేనా, పాడేవారు కారా?

ఇటీవలి కాలంలో కట్టిన కొన్ని కళ్యాణ మండపాలకు, కళాక్షేత్రాలకు ముందు గుమ్మం వద్ద వాలుబాట కనిపిస్తున్నది. దానినే ర్యాంపు అంటున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ వాలుబాట ప్రేక్షకుణ్ణి హాలులోకి చేర్చి అక్కడితో ఆగిపోతున్నది. హాలులో నుంచి వేదిక మీదికి మళ్ళీ మెట్లే. వేదిక వెనుక వేషం వేసుకునే గదికి మెట్లే. ఆ వెనుక మరుగుదొడ్డికి రెండు మెట్లు, చక్రాల కుర్చీ పట్టని ఇరుకు తలుపు.

దీని అర్థం ఏమిటి? నడవలేనివాడు వస్తే గిస్తే పాట వినడానికి వస్తాడు గాని, పాడడానికి రాడని కట్టినవారు ముందే తీర్మానించుకున్నారన్నమాట. ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు. ఆ ఆలోచనే తట్టి వుండదు. తట్టకపోవడమే అసలు లోపం.

వూళ్ళో బడినే తీసుకోండి. పోలింగు కేంద్రం కాబట్టి తరగతి గదికి వాలుబాట వుంటుంది. ఎన్నికల సంఘం పట్టుబట్టడం వల్ల వచ్చిన మేలు అది. అదే బడి ఆవరణలోని వార్షికోత్సవ వేదికకు మాత్రం మెట్లే. ఓటు వేయడానికి దారి వున్న మనిషికి పాట పాడడానికి దారి లేదు. తన బిడ్డ బహుమతి అందుకుంటుంటే పక్కన నిలబడి చూసుకునే దారి అసలే లేదు.

న్యూయార్కులోనూ అదే తీరు

ఈ లోపం పల్లెటూళ్ళది, పేద దేశాలది మాత్రమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో నాటకరంగానికి ఇచ్చే గొప్ప బహుమతి టోనీ అవార్డు. 2019 జూన్‌లో ఆ బహుమతి అలీ స్ట్రోకర్ అనే గాయని, నటికి వచ్చింది. రెండేళ్ళ వయసులో కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని కాళ్ళు పడిపోయిన మనిషి ఆమె. 'ఒక్లహోమా' అనే సంగీత నాటకంలో చక్రాల కుర్చీలోనే నటించి, పాడి ఆ బహుమతి గెలిచారు. చక్రాల కుర్చీ వాడే కళాకారిణి ఆ బహుమతి అందుకోవడం అదే మొదటిసారి.

ఆ ఉత్సవం జరిగింది న్యూయార్కులోని రేడియో సిటీ మ్యూజిక్ హాలులో. 1932లో తెరిచిన ఆ హాలులో దాదాపు ఆరు వేల మంది కూర్చోవచ్చు. అంత పెద్ద హాలులో ప్రేక్షకుల మధ్య నుంచి వేదిక మీదికి ఆ రాత్రి వాలుబాట లేదు. తక్కిన విజేతలు తమ తమ కుర్చీల్లోంచి లేచి నడిచి వస్తే, ఆమె వేదిక వెనుక వేచి వుండి అక్కడి నుంచి రావలసి వచ్చింది. ప్రేక్షకుల కోసం హాళ్ళను బాగు చేస్తున్నారు, వేదిక వెనుక భాగాన్ని కూడా కళాకారుల కోసం బాగు చేయాలని ఆమె ఆ తర్వాత నాటకశాలల యజమానులను కోరారు. ఆమె అడిగింది, మన టౌను హాలు మెట్ల కింద ఆగిపోయిన మనిషి అడగవలసింది ఒకటే.

పట్టుదల ఒక్కటే చాలదు

1985లో వచ్చిన 'మయూరి' సినిమాను మన పల్లెలు మరచిపోలేదు. 1981లో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకుని, జైపూరు కాలుతో మళ్ళీ నాట్యం చేసిన సుధా చంద్రన్ కథ అది. ఆమే అందులో నటించారు. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించారు. చూసినవారు కంటతడి పెట్టుకున్నారు. పట్టుదల వుంటే సాధించలేనిది లేదన్నారు. నిజమే. అయితే ఆ కథ నుంచి సగం పాఠమే నేర్చుకున్నాం. పట్టుదల చూపవలసిన బాధ్యత వికలాంగుడిది అయితే, అడ్డు తొలగించవలసిన బాధ్యత ఎవరిది?

సంగీతంలో వైకల్యం అడ్డు కాదని తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి చూపు బాగా మందం. అయినా విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. 1957లో పద్మశ్రీ అందుకున్నారు. చూపు లేని భజనపరులను, హార్మోనిస్టులను చేయి పట్టుకుని వేదిక మీదికి తీసుకువెళ్ళడం మన వూళ్ళలో మామూలే. చూపు లేనివారికి ఒక చేయి తోడుంటే వేదిక అందుతుంది. నడవలేనివారికి చేయి చాలదు, బాట కావాలి. తేడా అంతా అక్కడే వుంది.

ప్రపంచ ప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు ఇజాక్ పెర్ల్‌మన్‌కు నాలుగేళ్ళ వయసులో పోలియో సోకింది. తోటి విద్వాంసులు నిలబడి వాయిస్తే ఆయన కూర్చుని వాయిస్తారు. అదే పోలియో మన పల్లెల్లోనూ ఎందరి కాళ్ళనో తీసుకున్నది. మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014లో దేశం పోలియో నుంచి బయటపడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పోలియో పోయింది గాని, చిన్నతనంలో దాని బారిన పడినవారు ఈనాడు నడివయసులో మన మధ్యే వున్నారు. వారిలో పద్యం పాడగలవారు, డోలక్ వాయించగలవారు, హరికథ చెప్పగలవారు లేరని ఎవరు చెప్పగలరు? వేదిక ఎక్కనిస్తే గదా తెలిసేది!

మోసుకెళ్తే సరిపోతుందా?

ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒకటి వుంది. "మేమంతా లేమా? నలుగురం పట్టి పైకి చేరుస్తాం" అంటారు. మంచి మనసుతో అనే మాటే. కాని, వందల మంది చూస్తుండగా బస్తాలాగా ఎత్తించుకుని వేదిక ఎక్కడం ఎంత చిన్నతనమో ఎక్కినవారికే తెలుస్తుంది. పట్టు తప్పితే నడుము విరుగుతుంది. ఇక ఆడపిల్ల అయితే? ముక్కూ మొహం తెలియని మగవాళ్ళు వచ్చి ఎత్తుతామంటే ఏ ఆడపిల్ల ఒప్పుకుంటుంది? ఏ తల్లి పంపుతుంది? అంతకంటే పాడకుండా ఇంట్లో కూర్చోవడమే నయమనుకుంటారు. ఆ పాట ఇంటి గోడలు దాటదు.

మరో మాట, "వచ్చేది ఒకరిద్దరే కదా, వారికోసం ఇంత ఖర్చా?" అని. రావడానికి దారి లేకపోతే ఒకరిద్దరైనా ఎలా వస్తారు? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో కదలికకు సంబంధించిన వైకల్యం కలవారు 54 లక్షలకు పైనే. వీరుగాక పక్షవాతం వచ్చినవారు, చక్కెర జబ్బుతో కాలు తీసేసినవారు, మోకాళ్ళు అరిగిన అవ్వలు, తాతలు ప్రతి వీధిలోనూ వున్నారు. హార్మోనియం పెట్టె, సౌండు బాక్సులు మోసేవారికి కూడా మెట్ల కన్నా వాలుబాటే సుఖం.

చట్టం చెప్పేది ఇదీ

ఇది దయాధర్మం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 29వ సెక్షను సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కును గుర్తించింది. వికలాంగులైన కళాకారులకు సదుపాయాలు, ప్రోత్సాహం కల్పించవలసిన బాధ్యతను ప్రభుత్వంతోపాటు స్థానిక సంస్థల మీద కూడా పెట్టింది. అంటే పంచాయతీకి, మునిసిపాలిటీకి కూడా ఈ బాధ్యత వున్నది. 44వ సెక్షను ప్రకారం ఈ నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు. 45వ సెక్షను ప్రకారం పాత ప్రజా భవనాలను సైతం నిబంధనలు వెలువడిన అయిదేళ్ళలోగా సరిచేయాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. గడువు 2022 జూన్‌తో తీరిపోయింది.

2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ విషయమై మరింత గట్టిగా చెప్పింది. సదుపాయాల ప్రమాణాలు వీలుంటే పాటించే సలహాలుగా వుండరాదని, తప్పనిసరిగా పాటించే నిబంధనలు తయారు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. కాబట్టి వాలుబాట అడిగేవారు ఎవరి దయనూ అడుక్కోవడం లేదు. తమకు రావలసినదే అడుగుతున్నారు.

అంగుళానికి అడుగు

ఖర్చు సంగతి చూద్దాం. లెక్క చాలా తేలిక. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు బాట వుండాలి. వేదిక రెండడుగుల ఎత్తయితే 24 అడుగుల బాట, మూడడుగులైతే 36 అడుగులు. అంత చోటు లేకపోతే మధ్యలో చదునైన మలుపు పెట్టి రెండు వరసలుగా వేసుకోవచ్చు. వెడల్పు నాలుగడుగులు. రెండు పక్కలా పట్టుకోవడానికి ఇనుప గొట్టం. మీద నున్నని పాలరాయి పరచకుండా గరుకు సిమెంటు చేస్తే చాలు. వూళ్ళో ఏ మేస్త్రీ అయినా కట్టగలడు.

ఈ లెక్క తెలియకనే కొన్నిచోట్ల మూడు మెట్ల మీద సిమెంటు పోసి ర్యాంపు అని పేరు పెడుతున్నారు. అది జారుడుబల్ల. దాని మీద కుర్చీ ఎక్కదు, ఎక్కినా వెనక్కి జారుతుంది. లేనిదానికన్నా అది ప్రమాదం.

తలుపులు మూడడుగుల వెడల్పు వుండాలి. హాలులో ఒకటి రెండు వరుసల్లో కుర్చీ తీసేసి చక్రాల కుర్చీకి చోటు వదలాలి. ఆ చోటు ఫ్యాను గాలి రాని మూలన కాక, ఇంటివారి పక్కన వుండాలి. వికలాంగుల కోసమని కట్టిన మరుగుదొడ్డిలో చీపుర్లు, విరిగిన కుర్చీలు పడేసి తాళం వేసే అలవాటు మానాలి. మైకు స్టాండు కూర్చున్న మనిషి నోటికి అందేలా దించాలి. ఇందులో చాలా వాటికి పైసా ఖర్చు లేదు.

శ్రీరామనవమి పందిళ్ళకు, చవితి ఉత్సవాలకు వేసే తాత్కాలిక వేదికలున్నాయి. షామియానా వారికి బయానా ఇచ్చేటప్పుడే పలకలతో వాలుబాట కూడా వేయాలని చెబితే సరి. అదీ కుదరని పాత హాళ్ళలో కార్యక్రమాన్నే కిందికి దింపవచ్చు. మన వీధి భాగవతం, కోలాటం, భజన నేల మీద ఆడినవే, పాడినవే. జనం చుట్టూ కూర్చుని చూశారు. కళాకారుడికీ వూరికీ మధ్య అయిదు మెట్లు వచ్చింది ఆ తర్వాతి సంగతి.

ఇక జరగవలసింది

పంచాయతీ పాలకవర్గాలు, దేవాలయ కమిటీలు, నాటక పరిషత్తులు, హాళ్ళు కట్టించే దాతలు ఈ విషయం ఆలోచించాలి. దాతల పేర్లు చెక్కిన శిలాఫలకానికి గోడ దొరికిన చోట వాలుబాటకు జాగా దొరకదా? వూళ్ళో కొత్త వేదిక కట్టబోతుంటే గ్రామసభలో లేచి ప్లాను చూపించమని అడిగే హక్కు ప్రతి ఒక్కరికీ వున్నది. బాట హాలు గుమ్మం దాకానా, వేదిక దాకానా అని అడగాలి. కట్టాక పగులగొట్టడం కన్నా కట్టకముందు అడగడం తేలిక, చవక.

రిబ్బను కత్తిరించే ముందు పెద్దలు ఒక్క పని చేస్తే చాలు. చక్రాల కుర్చీలో ఒకసారి కూర్చుని, ఎవరూ ఎత్తకుండా, గేటు నుంచి మైకు దాకా వెళ్ళి చూడాలి. చేరగలిగితే ఆ హాలు పూర్తయినట్లు. మధ్యలో ఎక్కడ ఆగిపోతే అక్కడ పని మిగిలివున్నట్లు.