తెలిసీ నోరు మెదపని పిల్లలు



మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆమే. కరెంటు పోయి మైకు పనిచేయకపోయినా, వెనుక గోడ దగ్గర చాప మీద కూర్చున్న ముసలమ్మలకు కూడా ప్రతి మాటా వినబడుతుంది. ఇంటర్మీడియెట్ వరకు తెలుగు మీడియంలో చదివి, మంచి మార్కులతో ప్యాసై, కిందటేడు పట్నంలో డిగ్రీ కాలేజీలో బి.యస్సీ. చేరింది. వారి ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే.

దసరా సెలవులకు హాస్టలు నుండి పెట్టెతో సహా వచ్చేసింది. ఇక వెళ్ళనన్నది. రెండెకరాలు కౌలుకు చేసుకునే తండ్రి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, పిల్ల చదవలేక కాదండీ. అక్కడ నోరు రావడం లేదంటోంది. మీరొకసారి మాట్లాడండి" అన్నాడు.

ఆ సాయంకాలం వారి ఇంటి అరుగు మీద కూర్చుని అడిగాను. చాలాసేపటికి చెప్పింది. "సారు ప్రశ్న అడిగారండీ. జవాబు నాకు తెలుసు. తెలుగులో తెలుసు. ఇంగ్లీషులో కూర్చుకునేలోగా 'నెక్స్ట్' అన్నారు. ఇంకో రోజు ధైర్యం చేసి చెబితే నేను పలికిన తీరుకు క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి వెనక బెంచీలో కూర్చుంటున్నానండీ."

ప్రియులారా, గుడిలో అంత గట్టిగా వినిపించే గొంతు క్లాసులో ఎందుకు మూగబోయింది? తెలివి తక్కువై కాదు. ఇక్కడ ఆమె తప్పు చదివితే పక్కనున్న అమ్మ మెల్లగా సరిచేస్తుంది, ఎవరూ నవ్వరు. అక్కడ తప్పుకు చోటు లేదు. ధైర్యం పిల్లలు పుట్టుకతో తెచ్చుకునే సొత్తు మాత్రమే కాదు. ఎదుటివారు ఇచ్చే చోటును బట్టి పెరుగుతుంది, తరుగుతుంది.

ఇది ఒక్క ఇంటి సంగతీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యా సంవత్సరం నుండి డిగ్రీ చదువులు ఇంగ్లీషు మీడియంలోకి మారాలని ప్రభుత్వం నిర్ణయించింది. తెలుగులో చదివి వచ్చిన పల్లె పిల్లలకు ఆ మొదటి సంవత్సరమే గండం. ఈ పత్రిక చదివే కుటుంబాలలో లెక్చరర్లు, పాలిటెక్నిక్ ఉపాధ్యాయులు ఉన్నారు. ఈ నెల ముందుగా వారితో నాలుగు మాటలు.

మొదటిది, ప్రశ్న అడిగాక ఆగండి. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల ప్రాంతంలో సైన్సు తరగతుల టేపులు విని ఒక సంగతి కనిపెట్టారు. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగిన చోట జవాబులు పొడవయ్యాయి, తెలియదనేవారు తగ్గారు, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పారు. తన భాషలోనే ఆలోచించే పిల్లకు మూడు సెకన్లు కావలసి వస్తే, రెండు భాషల మధ్య నడిచే పిల్లకు ఇంకా ఎక్కువ కావాలి గదా! మనసులో పది లెక్కపెట్టుకోండి. ఆ నిశ్శబ్దం మీకు కష్టమే. వారికి మాత్రం మేలు.

రెండవది, క్లాసు ముందు చెప్పించేలోపు పక్కవారితో చెప్పించండి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ అనే ఆచార్యుడు, తన విద్యార్థులు పుస్తకంలోని లెక్కలు చేయగలిగినా మూల సూత్రాలు గ్రహించలేదని తెలుసుకున్నాడు. ఒకనాడు తాను రెండుసార్లు వివరించినా అర్థం కాకపోతే, మీలో మీరు మాట్లాడుకోండి అన్నాడు. కొద్ది నిమిషాల్లో వారే తేల్చుకున్నారు. 1991 నుండి అదే ఆయన పద్ధతి అయింది: ఒక ప్రశ్న, ఎవరికి వారు ఆలోచించి జవాబు ఎంచుకోవడం, పక్కవారితో చర్చ, మళ్ళీ జవాబు. దీనికి ఖర్చు లేదు. అరవై మంది ఉన్న క్లాసులోనైనా మూడు నాలుగు నిమిషాలు చాలు. ఆ పక్కవారితో మాట తెలుగులో సాగనివ్వండి. విషయం తెలుగులో గట్టిపడితే, ఇంగ్లీషు మాట దాని మీద నిలబడుతుంది.

మూడవది, దిద్దే తీరు. నేను డిప్లొమా చదివే రోజుల్లో ఒక వ్యాసం రాసి ఇస్తే, పేజీ అంతా ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. నా గుండె జారిపోయింది. అయితే అడుగున అయ్యగారు ఇలా రాశారు: "నీ ఆలోచన బాగుంది కాబట్టే ఇంతగా దిద్దాను. మళ్ళీ రాసి తీసుకురా." నేను మళ్ళీ రాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. తరువాత చదివితే తెలిసింది, 1999లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధన కూడా ఇదే చెప్పింది. ఉత్త తప్పులు చూపితే, తమను తక్కువగా చూస్తున్నారేమోనని అనుమానించే విద్యార్థులు వెనకడుగు వేస్తారు. ఉత్త పొగడ్త కూడా చాలదు. "ఇక్కడ కొలత ఎత్తైనదే, నీవు దాన్ని అందుకోగలవు" అని రెండూ కలిపి చెప్పినప్పుడే వారిలో తిరిగి రాయాలన్న పట్టుదల కనిపించింది.

నాల్గవది, ఒంటరిగా చదివేవారిని కలపండి. 1970లలో కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు చాలామంది గణితంలో తప్పుతుండేవారు. వారికి శ్రద్ధ లేదని, ఇంట్లో ప్రోత్సాహం లేదని పెద్దలు అనుకున్నారు. యూరీ ట్రైజ్‌మన్ అనే గణిత బోధకుడు వారి వెంట ఉండి చూస్తే, వారు కష్టపడే చదువుతున్నారు గాని ఎవరికి వారే, తలుపు వేసుకుని చదువుతున్నారని తేలింది. బాగా చదివే చైనా సంతతి పిల్లలు గుంపుగా కూర్చుని ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన వారికి తేలిక పాఠాలు పెట్టలేదు. కఠినమైన లెక్కలే ఇచ్చి, కలిసి చేయించాడు. ఫలితాలు మారాయి. వెనుకబడ్డారని జాలిపడి పని తగ్గించడం కూడా ఒక విధంగా చిన్నచూపే.

ఇక నవ్వు సంగతి. క్లాసు నవ్వినప్పుడు బోధకుడు ఏం చేస్తాడో పిల్లలందరూ చూస్తారు. ఆయన నవ్వకుండా, "పలుకు తరువాత చూద్దాం, జవాబు సరైనది" అన్నాడంటే, ఆ ఒక్క మాట వెనక బెంచీ మొత్తానికి అందుతుంది.

నేను ఆ తండ్రిని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళాను. నింద వేయడానికి కాదు, జరిగింది చెప్పడానికి. ఆ లెక్చరరు చిన్నవాడే. అంతా విని కొంతసేపు మౌనంగా ఉండి, "పాస్టరుగారూ, ఎవరూ అడగకపోతే అర్థమైందనుకున్నాను. నేనూ తెలుగు మీడియం వాణ్ణేనండీ" అన్నాడు. తరువాత ఆయన ప్రతి క్లాసు చివర తలా ఒక చీటీ ఇచ్చి, అర్థం కానిది ఒకటి ఏ భాషలోనైనా రాయమన్నాడట, పేరు రాయనక్కరలేదని. మొదటి రోజు దాదాపు అన్ని చీటీలలోనూ ఒకే ప్రశ్న వచ్చింది. మరునాడు పాఠం అక్కడినుండే మొదలుపెట్టాడు. తాను ఒక్కతే కాదని ఆ అమ్మాయికి ఆ రోజు తెలిసింది.

తల్లిదండ్రులారా, మీకు ఒక మాట. పిల్ల సెలవులకు వచ్చినప్పుడు "ఎన్ని మార్కులొచ్చాయి" అనే ముందు, "ఈ వారం ఏమి అడిగావు, ఎవరితో కలిసి చదివావు" అని అడగండి. "మనకెందుకులే ఆ చదువు" అనే మాట ఇంట్లో రానీయకండి. అవసరమైతే కాలేజీకి వెళ్ళండి. చేతులు కట్టుకుని నిలబడనక్కరలేదు, మర్యాదగా మాట్లాడి రండి.

సంక్రాంతికి ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. క్లాసులో ఫస్టు రాలేదు. ఒక పేపరు మళ్ళీ రాయాలి. కాని ముగ్గురు ఆడపిల్లలతో కలిసి హాస్టలు వరండాలో చదువుకుంటున్నామని, క్లాసులో లేచి రెండుసార్లు ప్రశ్న అడిగానని చెప్పింది. రెండవసారి ఇంగ్లీషులోనేనట.

ఈసారి చేతిసంచితో వచ్చింది. పెట్టె హాస్టల్లోనే ఉంచి వచ్చింది.