రుబ్బురోలు కథలో పాత్ర కాదా?

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రైల్వే ఉద్యోగంలో చేరిన తరవాతే నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

పోయిన నెల మన పిల్లల కథల పోటీలో ఏడో తరగతి పాప ఒకతె రుబ్బురోలు మీద కథ రాసింది. ఇంట్లోకి గ్రైండరు వచ్చింది. పెరట్లో మునగచెట్టు కింద సగం భూమిలో పాతుకున్న రోలును ఎవరూ పట్టించుకోలేదు. అవ్వ మాత్రం రోజూ దాని పక్కనే కూర్చొని కూరగాయలు తరిగేది. ఇల్లు అమ్మాలనుకున్నప్పుడు "రోలు వస్తేనే నేనూ వస్తా" అని పట్టుబట్టింది. ఆఖరికి ఇల్లు అమ్మలేదు.

కథలు దిద్దిన పెద్దాయన "ముఖ్య పాత్ర గురించి రాయమంటే వస్తువు గురించి రాసింది" అని పక్కన పెట్టేశారు. తరవాత రెండు ఆదివారాలుగా ఆ పాప తెలుగు క్లాసుకు రావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

తెలుగులో పాత్ర అంటే గిన్నె కూడా. తమిళంలో పాత్తిరం అన్నా అంతే. ఇది మాటల చమత్కారమే, రుజువు కాదు. రుజువు కావాలంటే నేను బడిలో చదువుకున్న శిలప్పదికారం చూడండి. ఆ పేరులోనే కాలి అందె ఉంది. భార్య కన్నగి అందె అమ్ముకుందామని కోవలన్ మదురై వస్తాడు. రాణి అందెను కాజేసిన కంసాలి ఆ నేరం ఇతని మీదికి తోస్తాడు. పాండ్యరాజు సరిగా విచారించకుండానే చంపిస్తాడు. కన్నగి రెండో అందె చేతపట్టుకొని సభకు వస్తుంది. రాణి అందెలో ఉన్నవి ముత్యాలు, కన్నగి అందెలో ఉన్నవి మాణిక్యాలు. కోవలన్ దగ్గర పట్టుకున్న అందెను తెప్పించి పగలగొడితే మాణిక్యం ఎగిరిపడుతుంది. తప్పు తెలుసుకున్న రాజు అక్కడే ప్రాణం వదులుతాడు.

"అందె తనంతట తాను పగల్లేదు కదా? ఇష్టం, కోపం లేనిది పాత్ర ఎట్లా అవుతుంది?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వస్తువులన్నీ పాత్రలని నేనూ అనను. శాకుంతలంలో ఉంగరం ఉంది. మహాభారత కథలో అది లేదు, కాళిదాసు తెచ్చి పెట్టాడు. అది నేను కౌంటరులో ఇచ్చిన అట్ట టికెట్టు లాంటిది. చూపిస్తే గేటు దాటనిస్తారు, పోగొట్టుకుంటే నిలబెడతారు. దాని బదులు రాజు ఇచ్చిన గుర్తు ఇంకేదున్నా కథ నడుస్తుంది. కన్నగి అందె అట్లా కాదు. పైకి రెండూ ఒకటే, లోపలి గుణం వేరు. మనుషులు అబద్ధమాడినా, పొరబడినా అది మాత్రం మారలేదు.

పాప కథకూ ఇదే కొలత పెట్టండి. రోలు బదులు పాత కుర్చీ అనుకోండి. లారీలో వేసుకొని పోయేవాళ్ళు, కథ అక్కడితో సరి. రోలు కదలదు కాబట్టే అవ్వ కదల్లేదు, ఇల్లు నిలిచింది. ఇది పాత్ర కాకపోతే ఇంకేమిటి?

ఇంకొక మాట. మన పిల్లలకు బడిలో తమిళం, ఇంగ్లీషు. రోలు, రోకలి, తిరగలి, చేట అనే మాటలు అవ్వల నోటనే వింటున్నారు. ఆ పాప తనకు తెలిసిన తెలుగులో తనకు తెలిసిన ఇంటి గురించి రాసింది. అదీ కాదంటే ఇంక దేని గురించి రాయమంటాం?

కమిటీ వారు ఆ కథను మళ్ళీ చదవాలని నా మనవి. బహుమతి ఇవ్వకపోయినా సరే, సంక్రాంతి సభలో ఆ పాపచేతనే చదివించండి. ముందు ఎవరైనా వాళ్ళింటికి పోయి ఆ మాట చెప్పాలి. నేను రావడానికి సిద్ధం. నా మాట ఒప్పుకోనివారు కింద రాయండి, మాట్లాడుకుందాం.